చివరి పేరు

మదనపల్లెలో హాకీ జట్టు ఉందంటే మదనపల్లె వాళ్ళే నమ్మరు. కట్టెలు సంచుల్లో వేసుకుని బస్సెక్కితే కండక్టర్లు సైతం ఎగాదిగా చూసి, ఎక్కడ గొడవకు పోతున్నారని అడిగేవారు. మిషన్ కాంపౌండ్ వెనకాల ఉన్న కాలేజీకి మాత్రం ముప్పై ఏళ్ళ నుంచీ ఒక జట్టు ఉంది. ముప్పై ఏళ్ళ నుంచీ అది ఓడిపోతూనే ఉంది. దాని గురించి ఎవరూ బాధపడిన పాపాన పోలేదు, ఒక్క పీడీ పురుషోత్తం సారు తప్ప.

ఈ యేడు మాత్రం కథ అడ్డం తిరిగింది. గణేష్ కెప్టెన్ అయ్యాడు, రోషన్ గోల్లో నిలబడ్డాడు. గణేష్‌ది చౌడేపల్లె పక్కన పల్లె. తండ్రి వెంకటేశులు నాలుగు ఆవులు పెట్టుకుని డెయిరీకి పాలు పోసే మనిషి. రోషన్ మిషన్ కాంపౌండ్‌లోనే పుట్టి పెరిగాడు. తల్లి కాన్పులోనే పోతే, మిషన్ ఆసుపత్రిలో వార్డు ఆయాగా చేసిన నాయనమ్మ జ్ఞానమ్మ వాణ్ణి పెంచింది. ఇంటర్ మొదటి రోజు ఒకే బెంచీ మీద కూర్చున్న దగ్గర్నుంచీ వీళ్ళిద్దరికీ ఒకరి టిఫిన్ డబ్బా ఒకరిదే.

జట్టుకు ఒక అలవాటు ఉండేది. మ్యాచ్‌కు బయల్దేరిన వ్యాను నేరుగా రోడ్డెక్కకూడదు. కాంపౌండ్ గేటు దగ్గర ఆగాలి, అందరూ దిగాలి. జ్ఞానమ్మ తెల్లచీర కొంగు తలమీదికి లాక్కుని వచ్చేది.

"తలకాయలు వంచండప్పా. మునికుమారూ, ఆ టోపీ తియ్యి. దేవుని ముందర టోపీ ఏందిరా?"

ఆమె ప్రార్థనలో పరలోకం, మహిమ వంటి పెద్ద మాటలుండవు. ముప్పై ఏళ్ళు వార్డులో మంచం మంచం తిరిగిన మనిషి, దేవుడికి కూడా అలాగే ఒక్కొక్కరినీ చూపించేది. "ప్రభువా, మా రోషన్ చేతులు నీకు అప్పజెప్తాండా. ఫిలిప్ చీలమండ. మునికుమార్ కోపం, అది పైకి కనపడే దెబ్బ కాదు గానీ అదీ దెబ్బే..." ఇలా పదకొండు మందీ. అందరికన్నా చివర గణేష్ పేరు. పుంగనూరులో ఆడిన మొదటి మ్యాచ్‌లోనే గణేష్ పడి మోకాలు వాచిపోతే, వారం రోజులు ఉప్పు కాపడం పెట్టి, గుడ్డ చుట్టి, లేపి నడిపించింది ఆమే. అందుకని, "గణేష్ మోకాలు, కుడిది" అనేది. దేవుడు ఎక్కడ పొరపాటున ఎడమదాన్ని చూసుకుంటాడోనని ఆమె భయం. అక్కడ పిల్లలు నవ్వాపుకోలేక చచ్చేవాళ్ళు. ఆమేన్ అనగానే తలా ఒక ఉడికించిన గుడ్డు చేతిలో పడేది.

గణేష్ చేతికి వాళ్ళమ్మ మునెమ్మ కట్టిన గంగమ్మ దారం ఉంది. అయినా ఈ ప్రార్థన లేకుండా మైదానంలో దిగడానికి వాడికి కాళ్ళు వచ్చేవి కావు. కుడిది అన్న మాట వినబడితే గానీ మోకాలు మోకాలు కాదు.

గేటు దగ్గర ఆగి ఆగి, జట్టు గెలుస్తూ పోయింది. వాల్మీకిపురం వాళ్ళను నాలుగు గోల్స్‌తో కొట్టారు. సెమీస్‌లో పుంగనూరు వాళ్ళను వాళ్ళ ఊళ్ళోనే ఓడించారు. ఫైనల్ కుప్పంలో, కుప్పం జట్టుతో. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ప్రిన్సిపాల్‌కు హాకీలో ఎంతమంది ఆడతారో తెలుసుకోవలసిన అవసరం వచ్చింది.

ఫైనల్ రోజు పొద్దున జ్ఞానమ్మ గేటు దాకా రాలేదు. నాలుగు రోజులుగా ఆయాసం. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటే, పిల్లలే లోపలికి వెళ్ళి చుట్టూ నిలబడ్డారు. పేర్లు చెప్పడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. నడుమ రెండుసార్లు ఆగింది. రోషన్ ఆమె చెయ్యి పట్టుకుని కదల్లేదు.

"అవ్వా, నేను పోను."

"నువ్వు పోకపోతే గోల్లో నేను నిలబడాల్నా? పో రా. ఈడే కూర్చోనుంటా, గెల్చుకోని రా."

రోషన్ మేనత్త మెర్సీ, ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు, లోపల్నుంచి వచ్చి వాడి భుజం తట్టింది. "నేను సెలవు పెట్టి ఉండా. ఏమన్నా అయితే ఫోన్ చేస్తా." ఆ మాట మీద వాడు వ్యానెక్కాడు.

పురుషోత్తం సారు పెట్టిన రూలు ఒకటుంది. మ్యాచ్ రోజు ఫోన్లన్నీ కెప్టెన్ సంచిలో ఉండాలి. పోయినేడు ఒక ఫుల్‌బ్యాక్, హాఫ్‌టైమ్‌లో ఎవరితోనో మాట్లాడుతూ ఆట మొదలైన సంగతే మర్చిపోయాడు. అప్పట్నుంచి ఆ రూలు. కుప్పం చేరగానే అందరూ ఫోన్లు తెచ్చి గణేష్ సంచిలో వేశారు. రోషన్ కూడా వేశాడు. వేస్తూ, "అత్త నుంచి వస్తే సెప్పు రా," అన్నాడు.

ఒకటిన్నరకు అత్త నుంచే వచ్చింది. అందరూ మైదానంలో పరిగెత్తుతున్నారు. గణేష్ మోకాలికి పట్టీ చుట్టుకుంటూ సంచి పక్కనే కూర్చున్నాడు. రోషన్ ఫోన్ తీసి హలో అన్నాడు.

"గణేషా, రోషన్‌కి ఇయ్యప్పా."

"వార్మప్‌లో ఉండాడత్తా."

"అవ్వకు ఆయాసం ఎక్కువైంది. వాణ్ణి సూడాలంటాంది. కారు మాట్లాడి వెంటనే పంపించు."

గొంతులో ఏడుపు లేదు, తొందర కూడా లేదు. అవ్వ పోయింది అనుకున్నాడు గణేష్.

వాడు అలా అనుకోవడానికి కారణం ఉంది. రెండేళ్ళ కిందట వాళ్ళ తాత పోయిన రోజు తండ్రి సరిగ్గా ఇవే మాటలు ఫోన్‌లో చెప్పాడు. తాతకు బాగలేదు, నిన్ను సూడాలంటాండాడు, బయల్దేరి రా. గణేష్ బస్టాండులో కిలో బత్తాయిలు కూడా కొనుక్కుని వెళ్ళాడు. ఊరి మలుపులో చావుకు కొట్టే పలకల మోత వినబడింది. ఇంటి ముందు తాతను పడుకోబెట్టి దండ వేసి ఉంటే, బత్తాయిల సంచి ఎవరికివ్వాలో తెలియక పట్టుకుని నిలబడ్డాడు. వాళ్ళ పల్లెలో చావు కబురు ఎవరూ ఫోన్‌లో చెప్పరు. దారిలో మనిషి ఏమైపోతాడోనని బాగలేదనే చెబుతారు. విన్నవాడు కూడా బతికే ఉన్నారా అని అడగడు, చెప్పులేసుకుని బయల్దేరతాడు.

గణేష్ కూడా అడగలేదు. ఆ ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథ లేదు.

"అట్లేలే అత్తా," అన్నాడు. ఫోన్ సంచిలో పెట్టాడు. జిప్పు వేశాడు.

ఇక్కడ వాణ్ణి వెనకేసుకు రావాలని నాకు లేదు. జట్టులో ఇంకో గోల్‌కీపర్ లేడు. రోషన్ వెళ్ళిపోతే ఫైనల్ లేదు. అది వాడికి ముందే తెలుసు, ఫోన్ పెట్టకముందే తెలుసు. పోయిన మనిషి ఎలాగూ పోయింది, మూడు గంటలు ముందు వెళ్ళినా వెనక వెళ్ళినా చూసేది శవాన్నే కదా, అవ్వ కూడా గెల్చుకోని రమ్మనే చెప్పింది కదా అని మనసుకు నచ్చజెప్పుకున్నాడు. మనసు వెంటనే ఒప్పుకుంది. అంత సులభంగా ఒప్పుకున్నప్పుడైనా అనుమానం రావలసింది.

రోషన్ నీళ్ళు తాగడానికి వచ్చాడు. "ఫోనేమన్నా వచ్చిందా?"

"రాలేదు రా."

ఆ రోజు ఆట చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. గణేష్ ఒక గోల్ కొట్టాడు, కుప్పం వాళ్ళు ఒకటి కొట్టారు. సమయం అయిపోయాక షూటౌట్ పెట్టారు. ఒక్కొక్కడే బంతి తీసుకుని రావాలి, గోల్‌కీపర్ ఒంటరిగా ఆపాలి. రోషన్ మూడింటిని ఆపాడు. మూడోదాన్ని నేలమీద పడుకుని కుడిచేత్తో బయటికి నెట్టాడు. జట్టంతా వెళ్ళి వాడి మీద పడింది. పురుషోత్తం సారు ఈలను నోట్లోనే ఉంచుకుని ఏడ్చాడు. అందరి కిందినుంచి లేచిన రోషన్, మొహం నిండా మట్టితో నవ్వుతూ గణేష్ కోసం వెతికాడు. గణేష్ సంచి దగ్గరికి వెళ్తున్నాడు.

జిప్పు తీసి చూశాడు. మెర్సీ అత్త, ఏడు మిస్డ్ కాల్స్.

పోయిన మనిషి కోసం ఎవరైనా ఏడుసార్లు చేస్తారా?

రోషన్‌ను పక్కకు పిలిచి, "అవ్వకు బాగలేదంట, పద," అన్నాడు. సారుకు ఒక ముక్క చెప్పి కారు మాట్లాడారు. కప్పు ఇవ్వకముందే, నాలుగూ ఇరవైకి బయల్దేరారు. కారు కదలగానే రోషన్ ఫోన్ చేశాడు. పక్కనున్న గణేష్‌కు అత్త గొంతు స్పష్టంగా వినబడుతోంది.

"యాడుండావు రా? పుంగనూరు దాటినావా?"

"కుప్పంలో అత్తా. ఇప్పుడే..."

"ఇంకా కుప్పంలోనేనా? ఒకటిన్నరకే బయల్దేరినావనుకుంటిమే! అప్పట్నుంచీ గేటు కల్లే సూస్తాంది రా. గణేష్ సరేనన్నాడే!"

రోషన్ తల తిప్పి గణేష్ వంక చూశాడు. ఫోన్‌లోకి, "అవ్వ చెవి కాడ పెట్టత్తా," అన్నాడు.

అటునుంచి ఊపిరి వినబడింది. ఈల వేసినట్టు లోపలికీ బయటికీ పోయే ఊపిరి. "అవ్వా, గెల్చినాం. వస్తాండా. కూర్చోనుంటానంటివే, కూర్చోనుండు. వస్తాండా," అని అదే మాట చాలాసేపు చెబుతూ పోయాడు. గణేష్ కిటికీ బయటికి చూస్తూ ఆ ఊపిరిని విన్నాడు. ప్రాణంతో ఉన్న మనిషి ఊపిరి. తాను ఒకటిన్నరకే చంపేసిన మనిషిది. ఘాట్లో సిగ్నల్ పోయి ఆ ఊపిరి ఆగింది.

వీకోట దాటాక మళ్ళీ ఫోన్ వచ్చింది.

"అమ్మ పోయింది రోషన్. ఐదూ పదికి. నిమ్మళంగా రా నాయనా, ఇంక తొందరేం లేదు," అంది మెర్సీ. గొంతు ఒకటిన్నరప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది.

ఆసుపత్రిలో బతికిన ఇల్లు అది. వాళ్ళు ఆయాసాన్ని ఆయాసమనే చెప్పారు. పోయినప్పుడు పోయిందనే చెప్పారు. గణేష్‌కు ఇది ఇంత ఆలస్యంగా తెలిసింది.

పలమనేరులో డ్రైవరు టీ తాగడానికి దిగితే రోషన్ అడిగాడు, "యాల సెప్పలేదు?"

"అప్పటికే పోయిండాదనుకుంటి రా. మా ఊర్లో అట్లే సెప్తారు. మా తాతప్పుడు కూడా అట్లే సెప్పిరి. ఒట్టు రా. బతికుండాదని తెలిసుంటే పంపిచ్చనా?"

రోషన్ తన చేతుల్ని చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో కుప్పం మట్టి ఉంది.

"పోయిండాదనుకునే," అన్నాడు మెల్లగా, "నన్ను ఆడిచ్చినావా?"

ఆలోచించే కొద్దీ గణేష్‌కు, చేసిన తప్పు కన్నా చెప్పుకున్న సాకే పెద్ద తప్పుగా కనబడింది.

మర్నాడు మధ్యాహ్నం భూస్థాపన. పెట్టెను జట్టు పిల్లలే మోశారు. గణేష్ ముందుకెళ్ళి ఒక చెయ్యి వేశాడు, రోషన్ వద్దనలేదు. మోకాలు సలుపుతున్నా గణేష్ కుంటుతూనే సమాధుల తోట దాకా మోశాడు. కప్పును ఎవరో తెచ్చి వరండాలో ఆ కుర్చీలో పెట్టారు. పురుషోత్తం సారు దాన్ని తీసి లోపల పెట్టించాడు.

మట్టి వేశాక పాస్టరు, "మనవడు ప్రార్థన చేస్తాడు," అన్నాడు. రోషన్ ముందుకొచ్చాడు. వెనక్కి తిరిగి, "మునికుమారూ, టోపీ తియ్యి రా," అన్నాడు. మునికుమార్ తలమీద ఆ రోజు టోపీ లేదు. అయినా వాడు చేత్తో తల తడుముకుని ఏడ్చేశాడు.

"ప్రభువా, నా చేతులు నీకు అప్పజెప్తాండా," అని మొదలుపెట్టాడు రోషన్. "ఫిలిప్ చీలమండ. మునికుమార్ కోపం, అదీ దెబ్బే..." అవ్వ వరసే. ఎక్కడా తడబడలేదు. ఒక్కొక్క పేరూ ఆమె ఎక్కడ ఊపిరి తీసుకునేదో అక్కడ ఆగి చెబుతున్నాడు. గణేష్ కళ్ళు గట్టిగా మూసుకుని వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. ఏడు. ఎనిమిది. తొమ్మిది. పది. నొప్పిగా ఉన్న మోకాలిని సర్దుకుని, తల ఇంకాస్త వంచాడు. తిట్టినా సరే, శపించినా సరే, కుడిది అన్న ఆ ఒక్క మాట అంటే చాలనుకున్నాడు.

రోషన్ ఊపిరి తీసుకున్నాడు.

"ఆమేన్," అన్నాడు.

అందరూ ఆమేన్ అన్నారు. చెప్పుల చప్పుడు గేటు వైపు కదిలింది. గణేష్ మాత్రం చాలాసేపు కళ్ళు తెరవలేదు.