నీలమ్మ ముక్కు

నా చెల్లెలు నీలమ్మ ముక్కు వంకర చేసింది దాని మొగుడు శివే. కూరలో ఉప్పు ఎక్కువైందని ఇత్తడి చెంబుతో కొట్టాడు, పాడు ముండాకొడుకు. మాదాపూర్‌లో మాతోపాటు అద్దాల మేడ కట్టే కూలీలందరికీ అది నవ్వులాట అయిపోయింది. వాడి చేతి గుర్తు ముఖం మీంచి పోతే చాలని నీలమ్మ ఏడ్చేది.

సర్కారు దవాఖానలో సరిచేస్తారని తెలిసి నేనే బయలుదేరదీశాను. "ఆపరేషన్ అయ్యాక ముక్కుకు దెబ్బ తగలకూడదు. వంగొద్దు, బరువులెత్తొద్దు. నెలరోజులు జాగ్రత్తమ్మా," అంది డాక్టరమ్మ. అందుకే ముందే చందానగర్‌లో గది కిరాయికి తీసుకున్నాను. తల ఎత్తుగా పెట్టుకోవడానికి పాత చీరలతో దిండ్లు కుట్టాను. బియ్యం, పప్పు తెచ్చి పెట్టాను. తలుపుకు కొత్త గడియ బిగించాను. శివకు మాత్రం జాతరకు పోతున్నామని చెప్పాం.

కానీ మా మేస్త్రీ దగ్గర పని జోడీ లెక్కన. మొగుడు గోడ కడితే పెళ్ళాం సిమెంటు మాలు అందించాలి. ఒకరు చెప్పకుండా మానేస్తే ఇద్దరినీ తీసేస్తాడు. శివ పని పోతుందేమోనని నీలమ్మ మేస్త్రీకి ఉన్నదున్నట్టు చెప్పేసింది, గది ఎక్కడో కూడా. పాముకు పాలు పోసే రకం అది! మేస్త్రీ ఆ మాట శివ చెవిన వేశాడు.

ఆపరేషన్ అయ్యి గదికి చేరాం; ముక్కు మీద కట్టు విప్పకముందే శివ వచ్చాడు. తలుపు తంతే గడియ ఊడి పడింది.

"నన్ను అడగకుండ ముక్కు మార్చుకుంటవానే?"

"దాన్ని ముట్టినవో, నీ పానం తీస్త!" అని అడ్డం పోయాను. జుట్టు పట్టుకుని నా తల గోడకేసి కొట్టాడు. పన్ను ఊడి నోరంతా రక్తమైంది. కింద పడ్డా వదలకుండా డొక్కలో తన్నుతూనే ఉన్నాడు.

"మా అక్కను ఇడువురా!"

నీలమ్మ వంగి, కారం నూరే బండరాయిని రెండు చేతులా ఎత్తి వాడి మోకాలి మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఆ ఊపుకు తనూ ముందుకు తూలి, గడపకు ముఖం కొట్టుకుంది. కట్టంతా ఎర్రబడింది. శివ కేకలు పెడుతూ వీధిలోకి పాకాడు.

కట్టు విప్పాక చూస్తే ముక్కు మళ్ళీ వంకరే, ఈసారి అటుపక్కకు. నేను గుండెలు బాదుకున్నాను.

"అయ్యో, అంత పాడైపాయె! ఇంకోపారి దవాఖానకు పోదాం పా, చెల్లె."

నీలమ్మ అద్దంలో చాలాసేపు చూసుకుంది.

"వద్దక్క, ఉండనియ్. గిది ఆయన చేసింది కాదు."