గడప దాటని పిల్లకు పాలు

1966 ఎండాకాలం. జహీరాబాద్‌లో కరువు సహాయ సంఘం వాళ్ళ పాల కేంద్రం మూసే వేళకు నాగవ్వ చెంబుతో వచ్చింది. పొద్దున్నుంచి పాలపొడి కలిపి, పిల్లలకు పోసి అనంతమ్మ భుజాలు పడిపోయి ఉన్నాయి.

"బిడ్డేది?"

"ఇంట్లుంది అక్కా. తల్లి పోసింది, ఒళ్ళంత పొక్కులు. తగ్గి తానం పోసేదాక గడప దాటియ్యద్దు. మూడు దినాల సంది ఏం తింటలేదు. జర పాలు పొయ్యి."

పిల్లలు కేంద్రంలోనే, పంచేవాళ్ళ కళ్ళ ముందే తాగాలని సంఘం రూలు. ఇంటికిచ్చిన పాలు బొంబాయి రోడ్డు మీది చాయ్ హోటళ్ళలో తేలాక పెట్టారు. ఇంకోసారి అలా జరిగితే కేంద్రమే ఎత్తేస్తారు. రెండు వందల మంది పిల్లలకు పాలుండవు.

గిన్నెలు కడుగుతున్న నర్సమ్మ తలెత్తింది. "రూలు రాకముందు ఒకామె గిట్లనే బతిమాలి పాలు తీస్కపోయింది. ఆ పాలతోని చేసిన చాయ్ నేనే తాగిన."

నాగవ్వ చెంబు ముందుకు చాచే నిలబడింది.

"మీ ఊరెంత దూరం?" అంది అనంతమ్మ.

"రాయికోడ్ తొవ్వల, కోసెడు."

అనంతమ్మ గంగాళంలో మిగిలిన పాలు చెంబులోకి వంచింది. చెంబు నాగవ్వకు ఇవ్వకుండా తనే పట్టుకుని చెప్పులు వేసుకుంది.

"తల్లి పోసిన ఇంట్లకు పోతవా?" అంది నర్సమ్మ.

"నాకు చిన్నప్పుడే పోసింది, మళ్ళ రాదు. తాగేది చూడాలె గద, చూసొస్త."

ఎండలో రెండు మైళ్ళు నడిచారు. వేపమండల కింద పడుకున్న పిల్ల మూడు గుక్కలు తాగి మొహం తిప్పుకుంది. మిగతావి తాగేదాకా లేవనంటూ అనంతమ్మ గోడకు చేరగిలబడింది. లేచే ఓపిక కూడా లేదు.