మెషీను తీసిన పూట

తిరగలిలో చోళ్లు విసురుతుండగా ఒళ్లు వణికింది. "జొరమొస్తే పడుకుండిపోవాలేటి? మాకు జొరాలు రానేదేటి?" అంది అత్త. విసరడం ఆపలేదు నేను. మలేరియా ముదిరి, ఊపిరితిత్తుల్లో నీరు చేరాక గానీ నన్ను అనంతగిరి నుంచి విశాఖ పెద్దాసుపత్రికి దించలేదు.

కళ్లు తెరిచేసరికి నోట్లో గొట్టం. పక్కన మెషీను నా బదులు ఊపిరి తీస్తోంది. అరుద్దామంటే గొంతు లేదు. నేను నిద్రపోతే అది ఆగిపోతుందేమోనని కళ్లు మూసుకోవడానికే భయమేసేది.

జ్వరం తగ్గాక నన్ను మెషీను నుంచి ఎలా విడిపించాలన్న మాట వచ్చింది. దాని సాయం రోజూ కాస్త కాస్త తగ్గిద్దామన్నారు పెద్ద డాక్టరు రవికుమార్. రోజుకోసారి మెషీను పూర్తిగా తీసి, ఆక్సిజన్ మాత్రమిచ్చి చూద్దామంది డాక్టర్ గాయత్రి. అలా చేస్తే చాలామంది త్వరగా కోలుకుంటున్నారట. నా మంచం మీదుగానే వాదించుకున్నారు.

"ఏది బేగి అయితే అది సేసీండి. ఇంటికాడ పనంతా ఆగిపోనాది," అన్నాడు నా భర్త నతానియేల్.

"ఆమెను అడగొద్దా?"

"దానికేటి తెలుస్తాది డాక్టరమ్మా?"

గాయత్రి నా మీదికి వంగింది. "డాలీ, మెషీను తీసి చూద్దామా? ఊపిరి అందకపోతే వెంటనే పెట్టేస్తాం. నేనిక్కడే ఉంటా. సరేనంటే నా చెయ్యి నొక్కు."

పెళ్లయ్యాక నన్నెవరైనా ఏదైనా అడిగారా అని గుర్తుచేసుకోబోయాను. కూరలో కారం ఎంత వెయ్యాలో కూడా అత్తే చెప్పేది. భయమేసింది. అయినా నొక్కాను.

మెషీను తీయగానే గుండెల మీద బండ పెట్టినట్టయింది. ఎంత లాగినా గాలి లోపలికి దిగదు. కళ్లు తేలేశాను. గాయత్రి గబగబా మళ్లీ తగిలించింది.

"దీనికి ముందునుంచీ ఓపిక తక్కువే," అన్నాడు నతానియేల్.

మర్నాడు గాయత్రి మళ్లీ అడిగింది. నిన్నటికంటే ఎక్కువ భయం, ఎందుకంటే ఆ బండ బరువు ఇప్పుడు నాకు తెలుసు. కళ్లనీళ్లు చెవుల్లోకి కారుతుంటే ఆమె చెయ్యి నొక్కాను. ఈసారి గాలి సన్నగా, గీసుకుంటూ, లోపలికి దిగింది. ఇంకోటి. ఇంకోటి. సాయంత్రానికి గొట్టం తీసేశారు.

నతానియేల్ పరుగున వచ్చాడు. "బతికిపోనావు! వార్డుకి మార్సీగానే డాక్టర్నడిగీసి ఇంటికెల్పోదాం. అమ్మకి సేతకావట్నేదు."

గొంతు పుండులా ఉంది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పాను.

"నాను హుకుంపేట, మా అమ్మకాడికి ఎల్తాను. మీ ఇంటికి వస్తానో రానో, నన్నడగాల."