గడియ పడని రోజులు

పొద్దున్నే పాపకి పాలు పట్టి, అది తాగుతూ తాగుతూనే నిద్రలోకి జారుకుంటే మెల్లగా విడిపించి పక్కమీద వేసి, స్నానానికి వెళ్ళింది కాజాలమ్మాయి. చొక్కాల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టే మిషను ఆమెది. అందుకే ఫ్యాక్టరీలోనే కాదు, వీధిలోనూ ఆమెకి అదే పేరు. బాత్‌రూము తలుపు వేసి గడియ పెట్టింది. గడియ జారింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ జారింది. ఇంకోసారి పెట్టలేదు. నిండు బకెట్టు తలుపుకి అడ్డంగా జరిపి, గోడకి ఆనుకుని చూసుకుంది. వచ్చింది.

పెద్దమనిషి అయినప్పటి నుంచీ ఆమెకి ఇంతే. నెల వచ్చిన రోజుల్లో ఆమె ఉన్న చోట ఏ తలుపూ పడదు. గడియలు జారిపోతాయి, తాళాలు వాటంతటవే విడిపోతాయి, బీరువాలు నోళ్ళు తెరుస్తాయి. పుట్టింట్లో ఆ నాలుగు రోజులూ పిల్లి దూరకుండా పాలగిన్నె మీద బరువు పెట్టేవాళ్ళు. పెళ్ళికి ముందే సంగతి చెబితే, "మా ఇంట్లో ఎత్తుకుపోయేంత ఏముందిలే" అని అత్త తీసిపారేసింది. కడుపుతో ఉన్నన్నాళ్ళూ, పాప పుట్టి పాలు తాగుతున్న ఇన్నాళ్ళూ ఇంట్లో గడియలన్నీ బుద్ధిగా పడ్డాయి.

ఆమె తల తుడుచుకుంటూ వచ్చేసరికి వంటింట్లో అత్త అల్మారా తలుపుతో కుస్తీ పడుతోంది. వీధి తలుపు బార్లా తెరుచుకుని ఉంది.

"వచ్చిందా?" అంది అత్త, వెనక్కి తిరక్కుండానే.

"వచ్చింది."

"అయితే పాలు మాన్పించెయ్. ఇప్పటి పాలు పిల్లకి పడవు. విరిగిపోయినట్టే లెక్క."

"ఎవరు చెప్పారత్తయ్యా?"

"ఒకళ్ళు చెప్పాలా? అందరికీ తెలిసిందే."

"టీకాకి వెళ్ళినప్పుడు నర్సునడిగాను. పాలేం చెడవంది. కొన్నాళ్ళు కాస్త తగ్గుతాయట. మాటిమాటికీ పడుతుంటే మళ్ళీ వస్తాయట."

"నర్సుకేం, చెప్పి చక్కా ఇంటికి పోతుంది. నేను పొడిపాల డబ్బా తెప్పిస్తాను."

బూట్ల లేసులు కట్టుకుంటున్న మొగుడు తలెత్తాడు. "ఒకందుకు మంచిదేగా. రెండోవాడి సంగతి ఆలోచించుకోవచ్చు."

వాన వెలిసింది, గొడుగు అక్కర్లేదు అన్నంత తేలిగ్గా అన్నాడు. ఆమెకి నడుము పీకుతోంది. పాప నోరు తగిలితేనే రొమ్ములు జివ్వుమంటున్నాయి. కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తులేదు.

"రెండోవాణ్ణి మీరు కనండి. నేను తలుపు తీసి పెడతాను," అంది.

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఒక్క గడియ జారితే చాలు, తన ఒంట్లో ఏం జరుగుతోందో ఊరందరికీ తెలిసిపోతుంది. తెలిసిన ప్రతివాళ్ళూ తలో తీర్పూ చెప్పేస్తారు. నొప్పిగా ఉందా అని మాత్రం ఒక్కరూ అడగరు. అదీ ఆమె మంట.

ఫ్యాక్టరీలో ఆమె మెట్లెక్కుతుంటేనే గ్రిల్లు తాళం ఊడి కింద పడింది. పని మొదలయ్యాక ఎవరూ బయట తిరక్కుండా ఆ గ్రిల్లుకి తాళం వేస్తారు. మునుపైతే ఆ రోజుల్లో సూపర్‌వైజరు ఆమెని ఇంటికి పంపేసి జీతం కోసేవాడు. ఇప్పుడు ఆర్డరు తొందరలో ఉంది కాబట్టి వాచ్‌మన్ని పిలిచి, గ్రిల్లు చేత్తో పట్టుకుని నిలబడమన్నాడు. ఆ తర్వాత కాజాల మిషను దగ్గరికి వచ్చాడు.

"మధ్యాహ్నం పాల విరామం ఇవాళ్టి నుంచి లేదమ్మా."

రోజూ మధ్యాహ్నం అత్త పాపని గేటు దగ్గరికి తీసుకొస్తుంది. వాచ్‌మన్ గది వెనకాల, పైపుల పక్కన స్టూలు వేసుకుని ఈమె పాలు పడుతుంది. విరామమంటే అంతే.

"ఎందుకు లేదు సార్?"

"నెల మొదలైందిగా. ఒళ్ళు మామూలైపోయినట్టే."

"నాకు నెల వస్తే నా కూతురికి ఆకలి వేయదా సార్?"

"పాలిచ్చే తల్లికి నెల రాదు. వచ్చిందంటే పాలిచ్చే తల్లి కాదు. మా ఇంట్లో నేను చూశాను కదా," అని వెళ్ళిపోయాడు. వెళ్ళి తన గది తలుపు లాగాడు. అది పడలేదు. కుర్చీ అడ్డం పెట్టుకున్నాడు.

పక్క బల్ల దగ్గర ఇస్త్రీ అక్క కాలర్లు నొక్కుతూ అంతా విన్నది. బాలింత ఒళ్ళు ఇంకా తేరుకోకుండానే పనిలోకి వచ్చిన మనిషి. ఆమె ఇల్లు దూరం, పిల్లాణ్ణి గేటు దాకా తెచ్చేవాళ్ళు లేరు.

"ఊరుకో. నేను పాలు ఎండిపోవాలని గుడ్డ బిగించి కట్టుకున్నాను. వచ్చే వారం మా అమ్మ వచ్చి వాణ్ణి ఊరికి తీసుకుపోతుంది," అంది. అని, ఇస్త్రీ పెట్టె ఎత్తబోయి, పాలు గడ్డకట్టి సలిపినట్టుంది, ఒక్క క్షణం బల్ల పట్టుకుని ఆగిపోయింది.

మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక, గేటు దగ్గర పాప ఏడుపు వినిపించింది. సీసా నోట్లో పెట్టనివ్వలేదేమో, అత్తే తీసుకొచ్చినట్టుంది. "పంపొద్దన్నారమ్మా" అని గేటు దగ్గర ఎవరో చెప్పడం, "ఒక్కసారి పిలవండి నాయనా" అని అత్త బతిమాలడం కిటికీలోంచి వినబడుతూనే ఉన్నాయి. పాప గొంతు బొంగురుపోయింది.

కాజాలమ్మాయికి పాలు చేపుకొచ్చాయి. ఏప్రన్ ముందంతా తడిసింది. కింద ఒక తడి, పైన ఒక తడి. రెండూ తనవే, రెండింటి మీదా పెత్తనం వేరేవాళ్ళది. ఇన్నేళ్ళూ గడియ జారిన ప్రతిసారీ ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. తాళం కింద పడితే వంగి తీసిచ్చి, ఏమీ అనుకోకండి అంది. బడిలో, బస్సులో, పెళ్ళివారింట్లో అందరినీ బతిమాలుకుంది. ఇప్పుడు మిషను మీద నుంచి పాదం తీసేసింది. పళ్ళ బిగువున, ఎవరికీ వినబడకుండా, "ఊడనీ, అన్నీ ఊడనీ" అనుకుంది.

గ్రిల్లు వాచ్‌మన్ చేతుల్లోంచి జారి గోడకి కొట్టుకుంది. అడ్డం పెట్టిన కుర్చీని నెట్టుకుంటూ సూపర్‌వైజరు గది తలుపు తెరుచుకుంది. దారాల బీరువాలు, బొత్తాల సొరుగులు, ఆడవాళ్ళ మరుగుదొడ్ల తలుపులు, ఎప్పుడూ తెరవని వెనక మెట్ల తలుపు, ఒకదాని తర్వాత ఒకటి విచ్చుకున్నాయి. చివరికి నడవా మొదట్లో 'పిల్లల గది' అని బోర్డున్న తలుపు కూడా తెరుచుకుంది. తనిఖీవాళ్ళకి ఆ బోర్డు చూపించడమే తప్ప, దాని లోపలి భాగం పనివాళ్ళెవరూ చూసింది లేదు. ఇప్పుడు అందరూ చూశారు. ప్లాస్టిక్ కవరు కూడా విప్పని ఉయ్యాల, కొత్త ఫ్యాను, కిటికీకి పువ్వుల తెర. మిగతా చోటంతా కప్పుదాకా పనికిరాని చొక్కాల అట్టపెట్టెలు.

మిషన్లన్నీ ఆగిపోయాయి.

కాజాలమ్మాయి లేచింది. ఎవర్నీ అడగలేదు. గేటు దాకా నడిచి వెళ్ళి, అత్త చేతుల్లోంచి పాపని అందుకుంది. "మీరూ రండి" అంది. అత్త వెంట వచ్చింది. ఇద్దరూ పిల్లల గదిలోకి వెళ్ళారు. ఆమె ఒక అట్టపెట్టె మీద కూర్చుని పాపని రొమ్ముకి హత్తుకుంది. పాప ఎక్కిళ్ళ మధ్యే గుటకలు వేసింది. నొప్పికి ఆమె కాలివేళ్ళు ముడుచుకుపోయాయి.

సూపర్‌వైజరు గుమ్మంలో నిలబడ్డాడు. అటు చూడలేక గోడవైపు చూస్తూ, "బయటికి రామ్మా. తలుపు వెయ్యాలి," అన్నాడు.

"వెయ్యండి," అంది.

అతను లాగాడు. భుజంతో నెట్టాడు. వాచ్‌మన్ కూడా వచ్చి నెట్టాడు. నడవాలో చేరిన ఆడవాళ్ళు నవ్వలేదు, అరవలేదు. అలా చూస్తూ నిలబడ్డారంతే. కాసేపటికి సూపర్‌వైజరు చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు.

"తాగుతోందా?" అంది అత్త.

"కనబడటం లేదా?"

"మరి విరిగిపోతాయన్నారే."

"ఎవరన్నారు?"

అత్త ఆలోచించింది. "పిల్లని అటువైపు మార్చు. ఆ చెయ్యి లాగేస్తుంది," అంది చివరికి.

ఆ రోజులు గడిచాయి. ఇంట్లో గడియలు పడ్డాయి, గ్రిల్లుకి తాళం పడింది. పిల్లల గది తలుపు మాత్రం పడలేదు. వడ్రంగి వచ్చి బందులు మార్చాడు. తాళాలవాడు కొత్త తాళం బిగించాడు. తలుపు దానంతటది చక్కగా వెనక్కి వెళ్ళి గోడకి ఆనుకునేది. వచ్చేపోయే ప్రతివాడికీ లోపలి అట్టపెట్టెలు కనబడుతుంటే, యాజమాన్యం వాటిని గోడౌనుకి పంపించింది. ఆ ఆలోచన తనదేనన్నట్టు సూపర్‌వైజరు దగ్గరుండి మోయించాడు. కాజాలమ్మాయి అతనికి థాంక్స్ చెప్పలేదు. ఆమె కోపం ఇంకా చల్లారలేదు. చల్లారాలని ఆమెకీ లేదు.

ఇస్త్రీ అక్క మరుగుదొడ్లోకి వెళ్ళి, గుండెలకి బిగించిన గుడ్డ విప్పి చెత్తబుట్టలో పారేసింది. బయటికి వచ్చి ఊళ్ళో ఉన్న తల్లికి ఫోన్ చేసింది.

"నువ్వు రావద్దమ్మా. వాడు నా దగ్గరే ఉంటాడు. రేపట్నుంచి నాతోపాటు తెచ్చుకుంటాను."

"అదేమిటే, ఒప్పుకున్నారా?"

ఎలా చెప్పాలో ఇస్త్రీ అక్కకి తోచలేదు. "ఇక్కడ తలుపు పడటం లేదు," అంది.

"అలాగా. అయితే వాడికి పలచటి చొక్కా తొడుగు, ఇస్త్రీ వేడి తగులుతుంది," అంది తల్లి.