ఎంగిలి తగలని పన్ను

మా అక్క లక్ష్మీకాంతమ్మకు నమలడానికి ఒక్క జత దవడపళ్లే మిగిలాయి, కుడివైపు. వాటిలో కిందిది పుచ్చిపోతే జమ్మలమడుగులో డాక్టర్ బుష్రా వేరుకాలువ వైద్యం, అదే రూట్ కెనాల్, చేసి, తాత్కాలికంగా సిమెంటు పెట్టింది. "వారంలో రా అవ్వా, గట్టిగా కట్టేస్తా. ఆలస్యమైతే పన్ను నిలువునా చీలుతుంది. అప్పుడిక పీకేసేదే" అంది.

నెల దాటినా అక్క కదలలేదు.

కారణం గాజు. ఆ పన్నులో నింపే ముద్దలో సన్నటి గాజుపోగులు ఉంటాయని డాక్టరు ముందే చెప్పింది. మా ఇళ్లలో మడివంటకు గాజు, పింగాణీ పనికిరావు. నా భార్య పోయాక ప్రొద్దుటూరు వచ్చి నాతో ఉంటున్న అక్క, ఎవరూ తాకకుండా ఆరేసిన చీర కట్టుకుని వండి, దేవుడికి పెట్టాకే నాకు వడ్డిస్తుంది.

"నోట్లో గాజు పెట్టుకొని మడి ఏంది రా గురూ? తీసి పక్కన పెట్టేదా అది? బంగారు తొడుగు వేయించుకుంటా. పులివెందుల్లో పిన్నమ్మ కూతురు వేయించుకోలా?" అంది నాతో.

పులివెందుల కూడా వెళ్లాం. అక్కడి డాక్టరు చూసి, "తొడుగుకు చుట్టూ అరగదీయాలమ్మా. ఈ పన్నులో అరగదీయను గోడ యాడుంది?" అన్నాడు.

ఆ తర్వాత ప్రతి భోజనమూ నాకు గండమే. అన్నం మెత్తగా వండమని బతిమాలేవాణ్ణి. ఒక మధ్యాహ్నం పప్పులో రాయి తగిలి సిమెంటు సగం ఊడింది. మరునాడు పొద్దున్నే జమ్మలమడుగు బస్సెక్కాం. కండక్టరు అడగకుండానే అక్కకు ముందు సీటు ఖాళీ చేయించాడు. ఆ కాస్త దయకే నాకు కళ్లు చెమర్చాయి.

"ఇంకా చీలలేదు. ఈ పొద్దు కట్టాల్సిందే" అంది డాక్టరు.

"గాజు లేకుండా కట్టు తల్లీ."

"మట్టిమిద్దెకు ఉత్త మట్టే తొక్కేవాళ్లా అవ్వా?"

"గడ్డి తుంచి కలిపేవాళ్లు. బీటలు పాకకుండా."

"ఇదీ అంతే. పోగులు లేకుంటే బీట అడుగుదాకా పోతుంది."

అక్క కుర్చీలో వెనక్కి వాలింది. "ముందు పాతది తియ్యి" అంది. నేను మూలన కుర్చీలో కూర్చోలేక లేచాను, నిలబడలేక కూర్చున్నాను.

డాక్టరు పాత సిమెంటు తీసేసి, పన్నొక్కటే పైకి కనిపించేలా నోటికి పల్చటి రబ్బరుగుడ్డ బిగించింది. "నాలుక కదిలించొద్దు అవ్వా. ఎంగిలి తగిలితే అతుకు పట్టదు." ఏదో మందు పూసి, కడిగి, ఆరబెట్టింది. అంతలో అక్క ఏదో చెప్పబోయింది. గుడ్డ అంచు జారి పన్ను తడిసింది.

"రవ్వంతే మేడం. తుడిస్తే పోతుంది" అంది పక్కన సాయం చేస్తున్న నాగవేణి.

"తుడిస్తే యాడికి పోతుంది? ఎంగిలి ఎంగిలే. మళ్లీ మొదట్నించి."

డాక్టరు చేతితొడుగులు పారేసి, చేతులు కడుక్కుని, కొత్తవి వేసుకుంది. గుడ్డ మార్చింది. మళ్లీ మందు, మళ్లీ కడగడం. బయట ఎవరో "ఇంకా ఎంతసేపప్పా" అని విసుక్కున్నా తల తిప్పలేదు. అక్క కళ్లు ఆమె చేతుల మీదే ఉన్నాయి.

"పోగుల ముద్ద ఇదే అవ్వా. వద్దంటే చెయ్యెత్తు."

అక్క కుడిచెయ్యి లేచింది. ఆ చెయ్యి పమిట సర్దుకుని మళ్లీ కుర్చీ మీద వాలింది. అక్క కళ్లు మూసుకుంది. డాక్టరు ముద్దను కొంచెం కొంచెంగా అదిమి, నీలం దీపంతో గట్టిపరిచి, పైన పంటి రంగు పూత పెట్టింది.

నోరు పుక్కిలించాక అక్క మొదట నాగవేణినే పట్టుకుంది.

"ఏమే పిల్లా, రవ్వంతే అంటివే. నిన్ను నా వంటింటి గడప తొక్కనీను."

"నేనెందుకొస్తా అవ్వా, మా మేడమ్మనే పిలుచుకో."

"ఆమె వస్తే వద్దనను" అంది అక్క. స్నానం చెయ్యకుండా నన్నే ఆ గడప దాటనివ్వని మనిషి.

అయినా తిరుగు బస్సులో నాకు మళ్లీ దిగులు పట్టుకుంది. "రేపు మడి కట్టుకుంటావా అక్కా?"

"కట్టుకోక? వంట నువ్వు చేస్తావా?"

ఆ మాట అన్నాక ఆమె కుడిదవడ బిగించింది, వదిలింది, మళ్లీ బిగించింది. ప్రొద్దుటూరు చేరేదాకా ఆ చెంప అట్లా కదులుతూనే ఉంది. పక్కన నేనూ, నాకు తెలియకుండానే, పళ్లు బిగబట్టి కూర్చున్నాను.