పోయిందని చెప్పిన మొక్క

లూద్కా పట్టిన కుందేలుకు మూడే కాళ్లని బియాలిస్తోక్ ఊళ్లోని ఆ అపార్ట్‌మెంటులో అందరికీ తెలుసు. మొక్కల సంగతైతే మరీను. చలికాలం పోగానే గులాబీ కొమ్మను గోటితో గీకి చూడాలనీ, లోపల పచ్చగా ఉంటే ప్రాణమున్నట్టేననీ వాళ్ల నాన్న చిన్నప్పుడే నేర్పాడు. ఆ ఒక్క విద్యతో ఆమె ఇన్నేళ్లూ నెగ్గుకొచ్చింది.

ఎదురింటి బ్రోన్యా చలికాలం మొదట్లో తుంటి విరిగి నెలల తరబడి ఆసుపత్రిలో ఉండిపోవలసి వచ్చినప్పుడు ఇంటి తాళాలు లూద్కా చేతిలోనే పెట్టింది. ఆమె బెంగంతా బాల్కనీలో పాత దుప్పటి చుట్టిన కుండీ మీదే. అందులో ఉన్నది, విచ్చుకోకముందు బుడగల్లా ఉబ్బే నీలిపూల మొక్క. భర్త హెన్రిక్ తన చివరి వసంతంలో విత్తనం వేసి మొలిపించాడు. ఆయన చేత్తో పెంచినవాటిలో మిగిలింది అదొక్కటే.

మంచు కరిగింది. ఈస్టర్ ముందు ఊరంతా కిటికీలు కడిగి తివాచీలు దులుపుతుంటే, లూద్కా దుప్పటి విప్పింది. ఎండుకాడ తప్ప ఏమీ లేదు. గోటితో గీకితే లోపలా ఎండే. వంచితే పుటుక్కున విరిగింది. వెంటనే ఫోను చేసి, పోయిందని చెప్పేసింది. అవతలినుంచి బ్రోన్యా, నీకు తెలియనిదేముంది, తీసెయ్యి అంది.

కుండీ బోర్లిస్తే మట్టిలోంచి ముల్లంగిలాంటి లావుపాటి వేరు బయటపడింది. నొక్కితే గట్టిగా ఉంది. కొస తుంచితే తెల్లగా ఉంది. లూద్కా మనసు కలుక్కుమంది. కానీ పోయిందన్న నోటితోనే బతికిందని ఎలా చెప్పడం? పండగ పనులు బోలెడున్నాయనుకుని వేరును చెత్తలో పడేసి, కుండీలో పసుపు పాన్సీ పూలమొక్కలు నాటింది.

మే నెలలో సంతకు వెళ్తే, అదే జాతి మొక్కలు కుండీల్లో అప్పుడే తలెత్తుతున్నాయి. ఏటా కాడ ఎండిపోయి వేరు మాత్రమే చలిని దాటుతుందట. మే నెల మధ్యలో ఆఖరి చలి తెచ్చే ‘చలి సోఫియా’ రోజు వెళ్తే గాని మొలక కనిపించదట. అమ్మే ఆవిడ ఈ మాటలు మామూలుగానే చెప్పింది.

బ్రోన్యా చేతికర్రతో ఇల్లు చేరిన రోజు లూద్కా పుల్లకూర సూప్ పట్టుకెళ్లింది. గిన్నె బల్ల మీద పెట్టి, ఏమీ దాచకుండా అంతా చెప్పేసింది.

"వేరు మెత్తబడిందా?" అని అడిగింది బ్రోన్యా.

"లేదే. గట్టిగానే ఉంది."

"మరి మళ్లీ ఫోను చెయ్యలేదేం?"

"నా మాట తప్పయిందని చెప్పడానికి సిగ్గేసింది."

బ్రోన్యా పాన్సీల వైపు చూసింది. ఆమె మొహంలో కోపం లేదు. తిట్టినా బాగుండునని లూద్కాకు అనిపించింది.

"నువ్వు పోయిందన్న ఆ వారమంతా ఫోను దిండు పక్కనే పెట్టుకున్నానే," అంది బ్రోన్యా. "నువ్వు ఈ ఒక్కసారికి తప్పు చెప్పి ఉంటావేమోనని."