నోట్లో ముద్ద

శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు తెరిచిన మరుసటి ఏడాది, అక్కడ పనిచేసేవాళ్లకి భోజనాలు పంపే వంటశాల పెట్టాను. 'మనసులో మాట నిర్భయంగా చెప్పండి' అని గోడ మీద ఎర్రరంగుతో రాయించింది కూడా నేనే. ఎవరైనా చెబితే మాత్రం నాకు ముక్కు మీద కోపం.

వ్యాన్ బయలుదేరేముందు అందరం రుచి చూడటం మా ఆనవాయితీ. మొదటి ముద్ద నాది. "అబ్బ, సాంబారు అమృతం! ఏమంటారు?" అనేవాణ్ణి. ఒకసారి డ్రైవర్ గోవర్ధన్ "జర తియ్యగుంది సార్" అన్నాడు. మా తణుకు సాంబారులో బెల్లం మహిమ గురించి వ్యాన్ ఆలస్యమయ్యేదాకా ఉపన్యాసం దంచాను. దాన్ని చర్చ అనుకున్నాను పాపం. అప్పట్నుంచి అందరిదీ ఒకటే మాట, "మస్తుంది సార్."

సాంబారు మాత్రం వెళ్లింది వెళ్లినట్టే తిరిగొచ్చేది. చివరికి భోజనాలు తీసుకునే కంపెనీ మేనేజరు ఫోన్ చేశాడు. "రేపు కూడా ఇలాగే అయితే ఇంకొకర్ని చూసుకుంటామండీ." ఆ ఆర్డరు పోతే వంటశాలకి తాళమే.

మర్నాడు పొద్దున్నే "లోపమేంటో చెప్పండి" అని బతిమాలాను. వెంటనే "బెల్లం మాత్రం కాదులెండి," అని నేనే తేల్చేశాను.

పెద్ద వంటమనిషి రుక్మిణమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "సారూ, మీరే అడుగుతరు, మేం చెప్పకముందే మీరే జవాబిస్తరు. గట్లయితే ఎవలు చెప్తరు? జర నోరు తెరువుండ్రి."

తెరిచాను. సాంబారన్నం ఇంత ముద్ద చేసి కుక్కింది. "అందరు చెప్పేదాంక మింగొద్దు."

"సాంబారు గాదది, పాయసం," అన్నాడు గోవర్ధన్.

"నేనైతే ఇంటికాడికెల్లి పచ్చిపులుసు తెచ్చుకుంటున్న," అంది ప్యాకింగ్ చేసే శిరీష.

నా చెవులు కాలిపోయాయి. బెల్లం మహిమంతా గొంతుదాకా వచ్చింది గానీ అన్నం అడ్డం. చేసేది లేక నమిలాను. మాట్లాడకుండా మా సాంబారు తినడం అదే మొదటిసారి. నిజంగానే పాయసం.

మింగేసరికి అందరూ నా మొహంలోకే చూస్తున్నారు. "బెల్లం వెయ్యకుండా మళ్లీ పెట్టండి," అన్నాను. ఆ మధ్యాహ్నం సాంబారు గిన్నెలు ఖాళీగా తిరిగొచ్చాయి. ఆర్డరు నిలిచింది.

మర్నాడు శిరీష దగ్గరికొచ్చింది. "సార్, ఇంకో మాట. మీ ఉప్మా ఉంది సూడుండ్రి..."

నా ఉప్మా! మా బామ్మ చేతి ఉప్మా! నోరు తెరిచాను. అందులో నేనే ఓ పెద్ద ముద్ద కుక్కుకుని, చెప్పమన్నట్టు తల ఊపాను.